ఒక చేను, రెండు పంటలు

చిరంజీవులు అమ్ములుకీ, నానికీ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మామిడికాయలు కోతకొచ్చాయి, మీరు రాగానే చెట్టు కిందే తిందురుగాని.

నానీ, నీ ప్రశ్న అమ్మ ఫోనులో చెప్పింది. వేసవి శిక్షణలో క్రికెట్టో ఫుట్‌బాలో ఏదో ఒకటే ఎంచుకోమన్నారట కదా. "రెండూ ఆడి, రెండింటికీ డబ్బులు తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరా తాతయ్యా?" అన్నావట. ఉన్నారురా. ఇంగ్లండులో ఒకప్పుడు చాలామందే ఉండేవారు. వాళ్ళలో నాకు బాగా ఇష్టమైన ఒకాయన సంగతి రాస్తాను. ఆయన పేరు ఆర్థర్ వార్టన్.

ముందు మన మాగాణి సంగతి గుర్తు చేసుకో. తొలకరికి నారు పోస్తాం, నాట్లు వేస్తాం, కార్తీకం దాటాక వరి కోస్తాం. మరి కోత అయ్యాక చేను ఖాళీగా ఉంటుందా? ఉండదు. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, మినుములు చల్లేస్తాం. దున్నేది లేదు, నీళ్ళు పెట్టేది లేదు. వరికి పెట్టిన నీళ్ళ తాలూకు పదును నేలలో మిగిలి ఉంటుంది. దానితోనూ, పైన పడే మంచుతోనూ మినుము పెరిగిపోతుంది. ఇంగ్లండులో ఆటగాళ్ళ బతుకు కూడా ఇలాగే ఉండేది. అక్కడ ఫుట్‌బాల్ చలికాలం పంట, క్రికెట్ వేసవి పంట. ఫుట్‌బాల్ ఆడినందుకు డబ్బు తీసుకోవచ్చని 1885లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకుంది. కానీ వేసవి వస్తే మ్యాచ్‌లు ఆగిపోయేవి. చాలామందికి జీతం తగ్గేది, కొందరికి అసలే ఉండేది కాదు. అందుకని క్రికెట్ వచ్చినవాళ్ళు ఏదో ఒక ఊరి క్లబ్బులో కూలికి ఆడేవారు. ఇల్లు గడవాలంటే రెండో పంట వెయ్యాల్సిందే.

చిన్నప్పుడు మినుములు చల్లే రోజున నాన్న నన్ను తెల్లవారుజామునే లేపేవాడు. చేలోకి దిగితే వరి నా భుజాల దాకా ఉండేది. మంచుకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయేది. నాన్న ముందు నడుస్తూ పిడికిలి తిప్పి విసిరితే గింజలు వరి ఆకుల మీద చిటపటమని రాలేవి. కోసిన తర్వాత పనలు వారం పది రోజులు చేలోనే ఎండేవి. పన ఎత్తి చూస్తే దాని కింద మినుము మొలకలు వెలుతురు లేక పసుపుపచ్చగా, వంకరగా ఉండేవి. "చచ్చిపోయాయి నాన్నా" అన్నాను ఒకసారి. "ఎండ తగలనీ" అన్నాడు. రెండు రోజులకు నిజంగానే పచ్చబడ్డాయి. ఆర్థర్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మొలకలే గుర్తొస్తాయి.

ఆయన పుట్టింది ఇంగ్లండులో కాదు. ఆఫ్రికాలో, ఇప్పుడు ఘనా అంటున్న దేశంలో, ఆక్రా నగరంలోని జేమ్స్‌టౌన్‌లో, 1865 అక్టోబరు 28న పుట్టాడు. తండ్రి క్రైస్తవ మత ప్రచారకుడు. కొడుకు కూడా ఆ పనే చెయ్యాలని చదువుకి ఇంగ్లండు పంపారు. కుర్రాడు డార్లింగ్టన్ అనే ఊళ్ళో కాలేజీలో చేరాడు. చేరాక పుస్తకాలకన్నా మైదానం మీద మనసుపడ్డాడు. 1886 జులైలో లండనులో జరిగిన పోటీల్లో వంద గజాలు సరిగ్గా 10 సెకన్లలో పరుగెత్తాడు. వంద గజాలంటే 91 మీటర్ల పైచిలుకు. మన వీధి చివరి వేపచెట్టు నుంచి రామాలయం దాకా అనుకోండి. ఒకటి నుంచి పది దాకా నిదానంగా లెక్కపెట్టేలోపు అక్కడుంటాడు. మరుసటి ఏడు కూడా ఆ పోటీ ఆయనే గెలిచాడు.

అంత పరుగు ఉన్నవాణ్ణి జట్టువాళ్ళు ఎక్కడ నిలబెట్టారో తెలుసా? గోల్‌లో!

అమ్ములూ, నువ్వు వెంటనే అడుగుతావు, గోలీకి పరుగెందుకని. ఇప్పటి గోలీ గోల్ ముందు గీసిన పెట్టె దాటి బయట చేత్తో బంతి ముట్టుకోకూడదు. 1912 వరకూ ఆ నియమం లేదు. తమ సగం మైదానంలో ఎక్కడైనా చెయ్యి వాడొచ్చు. కాబట్టి గోలీ మధ్య గీత దాకా పరుగెత్తుకొచ్చి బంతిని గుద్ది పంపొచ్చు. ఇంకోవైపు కష్టం కూడా ఉంది. అవతలి జట్టువాళ్ళు పరుగెత్తుకొచ్చి గోలీని భుజంతో గుద్ది, బంతితో సహా గోల్‌లోకి తోసెయ్యొచ్చు. అది తప్పు కాదు, ఆటే. చొక్కా రంగు కూడా మిగతావాళ్ళదే.

ఆర్థర్ చేసిన ఒక పని గురించి ఎప్పటికో, 1942లో, ఒక పెద్దాయన షెఫీల్డ్ అనే ఊరి పత్రికకు ఉత్తరం రాశాడు. అప్పటికి ఆర్థర్ పోయి పదకొండేళ్ళు. ఆ పెద్దాయన చూసిందేమిటంటే, ముగ్గురు ఒక్కసారి గోల్ మీదికి దూసుకొచ్చారు. ఆర్థర్ ఎగిరి పైన అడ్డకర్ర పట్టుకుని వేలాడాడు. వచ్చే బంతిని రెండు కాళ్ళ మధ్య ఇరికించి పట్టేశాడు! దూసుకొచ్చిన ముగ్గురూ ఆగలేక గోల్‌లోకి పోయి పడ్డారు. మైదానంలో ఎన్నో ఏళ్ళ క్రితం చూసిన ఒక్క క్షణాన్ని ఒక ముసలాయన మనసులో అంతకాలం దాచుకున్నాడు చూశారా.

కళ్ళంలో మేము బంతి ఆడుకున్నప్పుడు నేనే గోలీని. నూర్పిళ్ళు అయిపోయాక కళ్ళం అరచెయ్యిలా నున్నగా ఉండేది. రెండు గడ్డిమోపులు నిలబెడితే అదే గోల్. మా అన్నయ్య తన్నిన బంతి ఒకసారి నా పొట్టకు తగిలి ఊపిరి ఆగినంత పనైంది, కానీ బంతిని వదల్లేదు. ఆ సాయంత్రం అన్నయ్య నా తల నిమిరి ఇంటిదాకా భుజాలమీద ఎక్కించుకు తీసుకెళ్ళాడు. అరవై ఏళ్ళయింది. ఆ భుజాల ఎత్తు ఇంకా గుర్తుంది.

ఆర్థర్ సంగతికొస్తాను. మొదట డబ్బు తీసుకోకుండానే ఆడాడు. ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే పెద్ద జట్టులో ఉండి 1887లో కప్పు సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. 1889లో రాదరమ్ టౌన్ జట్టు జీతమిచ్చి తీసుకుంది. నల్లజాతివాళ్ళలో మొట్టమొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆయనే అంటారు. ఆ రోజుల్లో పత్రికలు ఆయన ఆటను మెచ్చుకుంటూనే రంగును వెక్కిరించేవి. మీరు ఎవరినీ రంగు పట్టి, ఊరు పట్టి పిలవకండి. పేరు పెట్టి పిలవండి. ఇది మీకు నేను ఎప్పుడూ చెప్పేదే.

వేసవిలో యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల క్లబ్బుల్లో డబ్బుకు క్రికెట్ ఆడేవాడు. నేను పదును అన్నది ఇదే నానీ. చలికాలమంతా బంతి వచ్చే దారి చూసి చూసి అలవాటైన కళ్ళు, పట్టుకోవడం తెలిసిన చేతులు, ఆ పరుగు, ఇవన్నీ వేసవిలోనూ ఒంట్లోనే ఉంటాయి కదా. ఒక ఆట కోసం పెట్టిన నీళ్ళు రెండో ఆటకూ పనికొస్తాయి. అందుకే చెబుతున్నాను, పదేళ్ళకే ఏదో ఒకటి ఎంచుకోవాలని కంగారుపడకు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

అయితే ఈ పోలిక ఒకచోట నిలవదు. చేనుకి ప్రతి ఏడూ కాలవ నీళ్ళొస్తాయి, మళ్ళీ నారు పోస్తాం. మనిషి ఒంటికి ఆ కాలవ లేదు. ఆర్థర్ 1894లో షెఫీల్డ్ యునైటెడ్ జట్టులో చేరాడు గాని, అక్కడ ఫోల్క్ అనే మహాకాయుడైన గోలీ ఉన్నాడు. ఆర్థర్‌కి మొదటి డివిజనులో, అంటే అన్నిటికన్నా పై స్థాయి పోటీలో, దొరికింది ఒకే ఒక్క మ్యాచ్, 1895లో సండర్లాండ్ మీద. తర్వాత చిన్న చిన్న జట్లు తిరిగి, 1902లో స్టాక్‌పోర్ట్ జట్టుతో ఫుట్‌బాల్ మానేశాడు. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నారు? బొగ్గు గనిలో దిగాడు. పది సెకన్లలో వంద గజాలు పరుగెత్తిన మనిషి భూమి లోపల చీకట్లో పనిచేశాడు. ఆటగాడికి ముసలితనంలో ఎవరూ ఏమీ ఇచ్చే రోజులు కావవి. 1930 డిసెంబరులో పోయాడు. ఎడ్లింగ్టన్ అనే గనుల ఊళ్ళో పూడ్చిపెట్టారు. పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు.

అరవై ఏడేళ్ళు ఆ సమాధి అలాగే ఉంది. 1997లో కొందరు పూనుకుని రాయి పెట్టించారు. 2003లో ఇంగ్లండు ఫుట్‌బాల్ మహనీయుల వరసలో ఆయన పేరు చేర్చారు. 2014లో అక్కడి జాతీయ ఫుట్‌బాల్ కేంద్రంలో విగ్రహం నిలబెట్టారు. ఎగిరి, చెయ్యి చాచి, వేళ్ళ చివర బంతిని తాకుతున్న గోలీ విగ్రహం. ఆ బొమ్మ చూస్తే నాకు పన ఎత్తిన తర్వాత పచ్చబడిన మొలకే కనిపించింది. ఎందుకు అలా అనిపించిందో విడమరిచి చెప్పడం నాకు చేతకాదు. మీరు పుష్యమాసంలో వచ్చినప్పుడు చేలోకి తీసుకెళ్ళి చూపిస్తాను, అప్పుడు మీకే తెలుస్తుంది.

ఈలోగా ఒక పని చెయ్యండి. ఆదివారం సాయంత్రం మీ మైదానంలో పెద్దపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారుగా, వెళ్ళి గట్టు మీద కూర్చోండి. బంతి అవతలి కొసన ఉన్నప్పుడు అందరూ అటే చూస్తారు. మీరు మాత్రం ఇవతల ఒంటరిగా నిలబడ్డ గోలీని చూడండి. అప్పుడతని కాళ్ళు ఏం చేస్తున్నాయి, చేతులు ఎక్కడున్నాయి, కళ్ళు ఎటున్నాయి, అన్నీ చూసి నాకు రాయండి. నాని కాళ్ళ సంగతి, అమ్ములు చేతుల సంగతి.

ఇట్లు,
మీ తాతయ్య