కూర్చుంటే కుడుములు

మా నెల్లూరు వైపు బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. పలుకులకు పంచదార చిలకలు. పిల్లల డాక్టరు దగ్గరుండే ఎదుగుదల పట్టికా దాదాపు ఇదే వరసలో నడుస్తుంది. తేడా ఒక్కటే, అమ్మమ్మల వరసలో నెలలుండవు. కుడుములు వండే రోజు ఎంతకీ రాకపోతే ఎప్పటిదాకా ఆగొచ్చో, ఎప్పుడు బయల్దేరాలో అందులో లేదు.

ఆ నెలల లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసింది. మన దేశంతో కలిపి 5 దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లల్ని గమనించి 2006లో ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి నాలుగు నెలలు నిండకుండానే వచ్చింది, కొందరికి తొమ్మిది దాటింది. నడకైతే 8 నెలల నుంచి 17 నెలల పైదాకా సాగింది. నూటికి నలుగురు అసలు దోగాడకుండానే లేచి నడిచారు. కాబట్టి పక్కింటి పాపతో పోల్చుకుని టెన్షన్ పడక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇంకో వెసులుబాటు ఉంది. ఎనిమిది వారాల ముందు పుడితే, ఆరు నెలలప్పుడు ఆ బిడ్డను నాలుగు నెలల బిడ్డగానే లెక్కెయ్యాలి. రెండేళ్లు వచ్చేదాకా అదే లెక్క.

అయితే ఆ ఓపికకూ ఒక గడువుంది. నాలుగు నెలలు దాటినా మెడ నిలబడకపోయినా, తొమ్మిది నిండినా కూర్చోకపోయినా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా దా’ అని రెండు మాటలు కలపకపోయినా చూపించాల్సిందే. వచ్చిన మాటలో, నేర్చిన పనులో పోతుంటే మాత్రం ఏ వయసైనా సరే, ఆ వారమే వెళ్లాలి.

కావలిలో మా అక్క మనవడికి ఏడో నెల వచ్చినా మెడ నిలబడలేదు. ‘వాళ్ల నాన్నకూ అన్నీ లేటే’ అన్నారు ఇంట్లో. చూపించిన మొదటి డాక్టరు కూడా ఏడాది దాటాక చూద్దామన్నారు. ఆ మాట విని మేం పోగొట్టుకున్న రెండు నెలలు తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

తర్వాత వెళ్లినచోట నేల మీద పరుపు పరిచి ఉంది. థెరపిస్టు ఒక తువ్వాలును చుట్టగా చుట్టి బిడ్డ ఛాతీ కింద పెట్టింది. రెండు చేతులూ ముందుకు తెచ్చి నేలకు ఆనించింది. తల కిందికి వాలిపోయింది. ఎదురుగా కూర్చుని ఏదైనా చప్పుడు చెయ్యమంటే, మా అక్క కూతురు సంచిలోంచి పళ్లెం తీసి ఉదయగిరి చెక్క గరిటెతో టకటక కొట్టింది. తల నాలుగు వేళ్లెత్తు లేచింది. రెండు క్షణాలు నిలిచి మళ్లీ వాలింది.

‘చూశావా అమ్మా, లేస్తోంది. వారానికి రెండుసార్లు నేను చేయిస్తే చాలదు. బట్టలు మార్చినప్పుడల్లా, పాలు అరిగాక, నువ్వు చేయించాలి’ అంది ఆమె. జబ్బు పేరేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పేరు తేలేదాకా ఆగకుండా పని మొదలుపెట్టొచ్చన్నది ఈ వైద్యంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

అంత తొందర ఎందుకంటే, మెదడు ఊరికే ఎదురుచూస్తూ కూర్చోదు. 1960ల్లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటి రెప్పలు కలిపి మూసి ఉంచారు. కొన్ని నెలలకు తెరిస్తే కన్ను బాగానే ఉంది, ఆ కంటితో చూపు మాత్రం లేదు. మెదడులో ఆ కంటికి దక్కాల్సిన చోటును రెండో కన్ను ఆక్రమించేసింది. పెద్ద పిల్లికి కన్ను మూసి ఉంచినా ఇలా జరగలేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన పెన్నా కాలవల కింద రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు: నీళ్లు పారే కాలవ నిలుస్తుంది, పారనిది పూడిపోతుంది. పుట్టుకతో శుక్లాలున్న బిడ్డకు తొలి వారాల్లోనే ఆపరేషన్ చెయ్యాలనడం అందుకే.

చెవి విషయంలో మనం ఇంకా ఎక్కువ మోసపోతాం. వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. తలుపు దభీమని పడితే ఆ అదురుకు ఉలిక్కిపడుతుంది. ఇంట్లోవాళ్లు ‘బాగానే వింటోంది’ అనుకుంటారు. మాటలు రాకపోతే వస కొమ్ము అరగదీసి నాకిస్తారు. వస నాకించినంత మాత్రాన చెవికి శబ్దం అందదు కదా.

దీనికి ఓఏఈ అనే పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దాన్ని వినడమే కాదు, బదులుగా తనూ సన్నటి శబ్దం చేస్తుందని 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టారు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న మొన పెట్టి టిక్ టిక్‌మనిపిస్తే లోపలి కణాలు కదిలి ప్రతిధ్వనిస్తాయి. ఆ మొనలోని మైకు దాన్ని పట్టుకుంటుంది. సూది లేదు, నొప్పి లేదు, నిమిషాల్లో అయిపోతుంది. బదులు రాకపోతే, శబ్దం చెవి నుంచి మెదడుదాకా చేరుతోందో లేదో చూసే బేరా అనే పెద్ద పరీక్షకు పంపుతారు. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం, శిక్షణ మొదలు కావాలన్నది లెక్క. ఆరు నెలలే ఎందుకంటే, క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో అమెరికాలో 150 మంది పిల్లల్ని పోల్చి చూస్తే, లోపం ఆరు నెలల్లోపు బయటపడినవారి భాష తర్వాత బయటపడినవారి కంటే ఎంతో మెరుగ్గా ఉంది. పుట్టుచెవుడు ముప్పును పెంచే మేనరికాలు ఇంకా మామూలుగా జరిగే మన ఊళ్లలో ఈ పరీక్ష ఒక్క బిడ్డకూ తప్పకూడదని నా గట్టి నమ్మకం.

ఇక ఎక్కడికి వెళ్లాలంటే, ముందు మీ ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి. 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఆశా ఇంటికి వచ్చి ఎదుగుదల చూడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్లు పంపేది ఇలాంటి పిల్లలకు చిన్నప్పుడే పరీక్షలు, థెరపీ చేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి, జనం నోట డైస్ సెంటర్‌కి. నెల్లూరులో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ కూడా ఉంది. 2021లో చిన్నపిల్లల కోసం దేశంలో తెరిచిన 14 ప్రత్యేక కేంద్రాల్లో అదొకటి. వైకల్యం అనగానే మనవాళ్లకు ముందు సదరం సర్టిఫికెట్ గుర్తొస్తుంది. పింఛను అవసరమే, ఎవరూ కాదనరు. థెరపీ మొదలుపెట్టడానికి మాత్రం ఆ కాగితం దాకా ఆగక్కర్లేదు.

ఉదయగిరి మెట్ట నుంచో, కనిగిరి నుంచో వారం వారం బిడ్డనెత్తుకుని జిల్లా కేంద్రానికి రావడమంటే రోజు కూలి పోయినట్టే. ఈ కష్టం నిజం. అందుకే తల్లికి నేర్పి పంపడం ముఖ్యం. జమైకాలో 1986-87లో ఎదుగుదల కుంటుపడిన పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతోనే బొమ్మలు చేసి తల్లులకు ఆట నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన అలా ఎవరూ వెళ్లని ఇళ్ల పిల్లల కంటే 25 శాతం ఎక్కువ.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, కాన్పు నాటి డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లండి. ఇంట్లో బిడ్డ ఆడుకుంటుంటే, పాలు తాగుతుంటే రెండు నిమిషాల వీడియోలు తీసి పెట్టుకోండి. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోతారు, ఇంట్లో చేసేది అక్కడ చెయ్యరు. మా అక్క ఫోన్లో అలాంటివి పదకొండు ఉన్నాయి. మొదటిదాంట్లో పళ్లెం చప్పుడుకు తల లేచి వాలిపోతుంది. చివరిది కుడుములు పంచిన రోజుది, వాడికప్పుడు పద్నాలుగో నెల.