శిక్ష పడని ధిక్కారం: మంచూరియా నుంచి పసిఫిక్ దాకా

రెండో ప్రపంచ యుద్ధం 1939 సెప్టెంబరు 1న, పోలండ్‌పై జర్మనీ దాడితో మొదలైందని మనం బడిలో చదువుకున్నాం. చైనాలో ఈ జవాబు చెల్లదు. జపాన్‌తో తమ పోరును అక్కడ చాలాకాలం 1937 నుంచి లెక్కించి ఎనిమిదేళ్ల యుద్ధమనేవారు. 2017లో పాఠ్యపుస్తకాలు సవరించి దాన్ని పద్నాలుగేళ్లు చేశారు. ఆ లెక్కకు మొదటి రోజు 1931 సెప్టెంబరు 18. ఏటా ఆ తేదీన షెన్యాంగ్ నగరంలో సైరన్లు మోగుతాయి. ఈ సవరణలో నేటి పాలకుల రాజకీయం లేకపోలేదు. అయినా కథను 1931 దగ్గర ఎత్తుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

అసలు పగ అంతకుముందే రాజుకుంది. 1895లో చైనాను ఓడించి జపాన్ తైవాన్‌ను, మంచూరియా (ఈశాన్య చైనా) దక్షిణ కొసన ఉన్న లియావోదోంగ్ ద్వీపకల్పాన్ని రాయించుకుంది. రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ ఒక్కటై బెదిరించడంతో ద్వీపకల్పాన్ని వదులుకోవలసి వచ్చింది. మూడేళ్లు తిరగకుండానే అదే నేలను రష్యా కౌలుకు తీసుకుంది. ఆ అవమానం జపాన్ మరవలేదు. 1904-05 యుద్ధంలో రష్యాను ఓడించి ఆ కౌలునూ దక్షిణ మంచూరియా రైలు మార్గాన్నీ దక్కించుకుంది. అందుకు 80 వేలకు పైగా సైనికులు ప్రాణాలిచ్చారు. 1910లో కొరియాను కలిపేసుకుంది. ఆ రైలు మార్గానికి కాపలాగా ఉంచిన దళమే క్వాంటుంగ్ సైన్యం.

1929 నాటి ఆర్థిక మాంద్యంతో అమెరికాకు పట్టు ఎగుమతులు కుప్పకూలాయి. జపాన్ పల్లెల్లో ఆకలి పెరిగింది. బొగ్గు, ఇనుము, సోయా పండే నేల ఉన్న మంచూరియాయే దేశానికి ప్రాణాధారమన్న మాట సైనికాధికారుల్లో బలపడింది. వారిలో ఇషివారా కాంజీ, ఇతగాకి సెయిషిరో ముఖ్యులు. వారి పథకం ప్రకారం సెప్టెంబరు 18 రాత్రి ముక్దెన్ (నేటి షెన్యాంగ్) శివార్లలో తమ సొంత రైలు పట్టాల దగ్గరే పేలుడు జరిపించి నెపం చైనా సైనికుల మీదికి నెట్టారు. దెబ్బ ఎంత చిన్నదంటే కాసేపటికి ఆ పట్టాల మీదుగానే రైలు వెళ్లిపోయింది. తెల్లారేసరికి నగరం జపాన్ వశమైంది. క్వాంటుంగ్ సైన్యాన్ని అదుపు చేయమని టోక్యో పంపిన సేనాని తాతెకావా ఆ సాయంత్రమే ముక్దెన్ చేరాడు. ఆయన్ను విందులో కూర్చోబెట్టి, ఈలోగా పని కానిచ్చారు.

ఆ తర్వాత టోక్యోలో జరిగినదే నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తుంది. కొరియాలోని జపాన్ సేనల అధిపతి హయాషి సెంజూరో చక్రవర్తి అనుమతి లేకుండానే సరిహద్దు దాటించి బలగాలను మంచూరియాకు పంపాడు. సైనిక చట్టం ప్రకారం అది మహాపరాధం. ప్రధాని వకత్సుకి మంత్రివర్గం మాత్రం ఎలాగూ వెళ్లిపోయారు కదా అని ఖర్చు మంజూరు చేసింది. ఆ హయాషి 1937లో దేశ ప్రధాని అయ్యాడు. ఇషివారా సైనిక ప్రధాన కార్యాలయంలో పెద్ద పదవికి ఎదిగాడు. 1932 మే 15న వృద్ధ ప్రధాని ఇనుకాయిని ఆయన నివాసంలోనే కాల్చి చంపిన యువ అధికారుల్లో ఒక్కరికీ మరణశిక్ష పడలేదు. మంచూరియాలో జపాన్ నిలబెట్టిన మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యాన్ని 1933లో నానాజాతి సమితి తప్పుపడితే జపాన్ సమితి నుంచే తప్పుకుంది. సమితి ఆంక్షలు విధించలేదు. గీత దాటినవాడికి బహుమానం దొరుకుతుందని తెలిశాక గీత దాటేవాళ్లకు కొదవేముంటుంది?

1936లో ఇన్నర్ మంగోలియాలో చొరబడబోతున్న క్వాంటుంగ్ అధికారులను ఆపడానికి సాక్షాత్తూ ఇషివారాయే వెళ్లాడు. మంచూరియాలో మీరు చేసిందే మేమూ చేస్తున్నామని ముతో అకిరా అనే అధికారి జవాబిచ్చాడు. పక్కనున్న కుర్ర అధికారులు నవ్వారు.

1937 జూలై 7న బీజింగ్ దగ్గర మార్కోపోలో వంతెన వద్ద చిన్న కాల్పులు జరిగాయి. ఈసారి ఎవరి కుట్రా అక్కరలేకపోయింది. ఒక్క నెలలో ముగిస్తామని సైనిక మంత్రి సుగియామా చక్రవర్తికి మాటిచ్చాడు. షాంఘైలో మూడు నెలలు పోరాడాల్సి వచ్చింది. డిసెంబరులో నాన్జింగ్ పడింది. అక్కడ లొంగిపోయిన సైనికులను, సామాన్య పౌరులను వేల సంఖ్యలో ఊచకోత కోశారు, స్త్రీలను చెరిచారు. అయినా చైనా అధినేత చియాంగ్ కై-షేక్ లొంగలేదు. రాజధానిని లోపలికి, చోంగ్‌చింగ్‌కు మార్చుకున్నాడు.

గెలవనూ లేక, వెనక్కి రానూ లేక జపాన్ అక్కడే ఇరుక్కుంది. చైనాకు ఆయుధాలు చేరే దారులు మూయాలని 1940 సెప్టెంబరులో ఫ్రెంచి ఇండోచైనా ఉత్తర భాగంలో సేనలు దింపింది. అదే నెలలో జర్మనీ, ఇటలీలతో ఒడంబడిక చేసుకుంది. 1941 జూలైలో దక్షిణ భాగాన్నీ ఆక్రమించింది. అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసి చమురు ఆపేసింది. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికాదే. నిల్వలు మహా అయితే రెండేళ్లకు సరిపోతాయి. చైనా నుంచి వైదొలిగితే చమురు మళ్లీ వస్తుంది. కానీ 1931 నుంచి చేసిందంతా వృథా అని ఒప్పుకోగల ధైర్యం టోక్యోలో ఎవరికీ లేదు. మిగిలిన దారి డచ్చివారి ఏలుబడిలోని ఇండోనేషియా చమురు బావులు.

సెప్టెంబరు 5న చక్రవర్తి హిరోహితో సుగియామాను నిలదీశాడు. దక్షిణ దాడి మూడు నెలల్లో పూర్తవుతుందని సుగియామా చెప్పాడు. చైనా నెలరోజులే అన్నావు, నాలుగేళ్లయిందని చక్రవర్తి గుర్తు చేశాడు. చైనా లోతట్టు చాలా విశాలమని అతను సంజాయిషీ ఇస్తే, పసిఫిక్ అంతకంటే విశాలం కాదా అని అడిగాడు. అంత సూటి ప్రశ్న వేసిన మనిషే డిసెంబరు 1న యుద్ధానికి సమ్మతించాడు.

డిసెంబరు 8న (హవాయిలో 7) మలయాలోని కోటాభారులో జపాన్ సేనలు దిగాయి. గంట దాటిందో లేదో పెర్ల్ హార్బర్‌పై బాంబులు పడ్డాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చిలో రంగూన్ పడ్డాయి. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగు కూలీలు లక్షలాది భారతీయులతో కలిసి అడవి దారుల్లో నడుస్తూ స్వదేశం పట్టారు. దారిలో ఎందరో చనిపోయారు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మలయా తోటల్లోని తమిళ, తెలుగు కూలీలను సయాం (నేటి థాయిలాండ్)-బర్మా రైలు మార్గం పనికి తోలుకుపోయారు. వారిలో చాలామంది తిరిగి రాలేదు.

యుద్ధానంతరం టోక్యో విచారణలో ఇతగాకికి, ముతోకు, యుద్ధకాలపు ప్రధాని తోజోకు ఉరిశిక్ష పడింది. 1948 డిసెంబరు 23న అమలైంది. ఇషివారా కాంజీపై అసలు అభియోగమే మోపలేదు. ఆయన్ను సాక్షిగా మాత్రమే విచారించారు. మరుసటి ఏడాది ఆగస్టులో జబ్బుపడి సహజంగా మరణించాడు.