స్టేటస్ పెట్టినా ప్రకటనే: రియల్ ఎస్టేట్ ఏజెంట్ల అపోహలు - వాస్తవాలు

"అన్నా, నేను బిల్డర్‌ను కాదు కదా, ఊరికే రీల్ పెట్టాను. నాకు నోటీసెందుకు వస్తుంది?" హైదరాబాద్‌లో ఏజెంట్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ పనులు చూసిపెట్టే నాకు ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. అందుకే ముందు దీని సంగతే తేలుద్దాం.

అపోహ: ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ నంబర్ రాకముందు ప్రీలాంచ్ (ముందస్తు అమ్మకం) అని పోస్టు పెట్టుకోవచ్చు. డబ్బు తీసుకుంటేనే తప్పు.

వాస్తవం: పెట్టకూడదు. 2016 నాటి రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం బుకింగే కాదు, ప్రకటన కూడా రిజిస్ట్రేషన్ తర్వాతే. అది ప్రమోటర్ (ప్రాజెక్టు వేసి అమ్మే బిల్డర్) బాధ్యత కదా అంటారు. నిజమే. కానీ రిజిస్టర్ కాని ప్రాజెక్టులో ప్లాటుగానీ ఫ్లాటుగానీ అమ్మిపెట్టడానికి ఏజెంటు సాయపడకూడదని 10వ సెక్షన్ విడిగా చెబుతోంది. ఏజెంటు అంటే ఎవరో కూడా చట్టంలోనే ఉంది: ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపి, కమీషన్ రూపంలోనో మరో రూపంలోనో ప్రతిఫలం తీసుకునేవాడు. ఇక ప్రకటన అంటే ఏ రూపంలో చేసిన ప్రచారమైనా సరే. పేపర్లో ఫుల్ పేజీ ఎంతో, వాట్సాప్ స్టేటస్ కూడా అంతే.

"రెరా అప్లైడ్" అని రాస్తే సరిపోతుందనేది దీనికి తోబుట్టువు. అప్లై చేయడం వేరు, నంబర్ రావడం వేరు.

మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఉద్యోగం మానేసి ఈ లైన్‌లోకి దిగాడు. శంకర్‌పల్లి వైపు ఒక ప్రీలాంచ్ మీద రీల్ చేశాడు. డ్రోన్ షాట్, వెనక మాస్ పాట, గజం రేటు ఇంత పెద్ద అక్షరాల్లో. చివరి సెకనులో, కింద మూలన, చీమ తలకాయంత సైజులో "రెరా అప్లైడ్". అది చూసి బుక్ చేసినవాళ్లలో సొంత మేనమామ కూడా ఉన్నాడు. ప్రాజెక్టు కదల్లేదు, బిల్డర్ ఫోనెత్తలేదు. అందరూ వీడి ఇంటికొచ్చారు. రీల్ డిలీట్ చేశాడు. అప్పటికే వాళ్లంతా స్క్రీన్ రికార్డు చేసి పెట్టుకున్నారు. మేనమామ అయితే వీడి ఎదురుగానే ప్లే చేసి చూపించాడట.

62వ సెక్షన్ కింద ఏజెంటుకు పడే జరిమానా రోజుకు 10,000 రూపాయలు. అమ్మిపెట్టిన ఆస్తి ధరలో 5 శాతం దాకా పెరగొచ్చు. 80 లక్షల ఫ్లాటైతే 4 లక్షలు. అంటే 40 రోజుల్లో అక్కడికి చేరుతుంది. ఆ ఫ్లాటు మీద వచ్చే కమీషన్ ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇప్పటికే ప్రీలాంచ్‌లో డబ్బు కట్టి టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక మాట. రసీదులు, చాట్లు, ఆ పోస్టుల స్క్రీన్‌షాట్లు ఏవీ పారేయకండి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు పరిహారం అడగవచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే కట్టినదంతా వడ్డీతో సహా తిరిగి అడగవచ్చు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడమూ కుదరదు.

మిగతావి చకచకా.

ఫామ్ ప్లాట్లకు రెరా అక్కర్లేదా? రోడ్లేసి, క్లబ్‌హౌస్ బొమ్మ చూపించి, గజాల లెక్కన ముక్కలు చేసి అమ్ముతుంటే ఫామ్ అని పేరు పెట్టినంత మాత్రాన లేఅవుట్ కాకుండా పోదు, రెరా తప్పిపోదు.

"ఎయిర్‌పోర్టుకు 15 నిమిషాలు" అని రాసేముందు ఒకసారి సాయంత్రం ఆరింటికి మీరే కారు తీసుకుని వెళ్లి చూడండి.

ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని చెప్పే వీడియోలో అది పెయిడ్ అని స్పష్టంగా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది.

పాత అపార్ట్‌మెంట్‌లో మీ సొంత ఫ్లాటును రీసేల్‌కు పెట్టుకుంటున్నారా? దానికి రెరా ఏజెంటు రిజిస్ట్రేషన్ గొడవ లేదు, భయపడకండి.

చివరగా, అమెరికాలో ఉన్న మనవాళ్లకు హైదరాబాద్ నుంచి విజయవాడ ప్రాజెక్టులు అమ్మే మిత్రులకు: ఏజెంటు రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే. తెలంగాణ నంబర్ పెట్టి అమరావతి ఫ్లాటు అమ్మడం కుదరదు, ఏపీ రెరాలో విడిగా తీసుకోవాల్సిందే.