పులుసులో ఉప్పు, కాలవలో మందు

గుంటూరు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మిరపచేలకు మందు కొట్టే రోజులు కదా, మీరు పంపిన ప్రశ్నల్లో ఒకటి సరిగ్గా అదునుకు వచ్చింది. "మందు ట్యాంకు కాలవలో కడగొద్దని మాస్టారు అంటారు. అన్ని నీళ్లు పారుతుంటే ఒక్క ట్యాంకు కడిగితే ఏమవుతుంది తాతగారూ?" చాలామంది పెద్దవాళ్లు మనసులో ఇదే అనుకుని కడిగేస్తారు, పైకి అడగరు. మీరు అడిగారు. లెక్క వేసే చూద్దాం.

ఎకరం మిర్చికి సుమారు 200 లీటర్ల నీళ్లు పడతాయి. వీపున మోసే ట్యాంకు 16 లీటర్లది. రసం పీల్చే పురుగులకు వాడే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు కలిపితే, ట్యాంకుకు దాదాపు 5 మిల్లీలీటర్లు. చిన్న చెంచాడు. అందులో అసలు విషం ఇంచుమించు ఒక గ్రాము. ఇప్పుడు నీళ్ల వైపు చూడండి. సీసాల్లో అమ్మే తాగునీటిలో ఏ ఒక్క పురుగుమందూ లీటరుకు 0.0001 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశంలో ప్రమాణం. ఆ లెక్కన ఒక్క గ్రాము కోటి లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా తీసుకుపోతుంది. కోటి లీటర్లంటే 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున్న చెరువు. సాగర్ కుడికాలవ నీళ్లు నింపుకుని వేసవంతా తాగే ఊళ్లు మన పక్కనే ఎన్నో ఉన్నాయి. మీ ఊరి మంచినీళ్ల చెరువు గట్టు వెంట నడిచి, అడుగులతో కొలిచి పోల్చుకోండి.

పోనీ, తర్వాత శుభ్రం చేసుకోలేమా అంటారు. అమ్మ పులుసులో కరివేపాకు వేస్తుంది, ఉప్పూ వేస్తుంది. కరివేపాకు అక్కర్లేనివాళ్లు ఏరి కంచం అంచున పెడతారు. ఉప్పు ఎక్కువైతే ఏరలేరు, వడకట్టలేరు. ఇంకాసిని నీళ్లు పోయడమే దారి. మందుల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. క్లోర్‌పైరిఫాస్ లాంటిది మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది, వానకు మట్టి కొట్టుకుపోతే దానితోపాటే కాలవలో పడుతుంది. అది కరివేపాకు. చేనుకీ కాలవకీ మధ్య నాలుగైదు మీటర్ల మేర గడ్డి పెరగనిస్తే ఆ మట్టి చాలావరకు అక్కడే ఆగుతుంది. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ నీళ్లలో కరిగిపోయేవి. అవి ఉప్పు. గడ్డి వాటిని పూర్తిగా ఆపలేదు. మన నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు గట్టి వాన పడితే ఆ నెర్రెల్లోంచి నేరుగా లోపలికి దిగిపోతాయి.

మా చిన్నతనంలో కృష్ణకు వరదొస్తే కాలవ నీళ్లు ఎర్రమట్టి రంగులో వచ్చేవి. చిల్లగింజను గరుకు రాతి మీద అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి మూతపెడితే తెల్లారేసరికి మట్టంతా అడుక్కి చేరి, పైన నీళ్లు తేటగా నిలిచేవి. ఎంత వింతో! ఒక్కసారి చేసి చూడండి. అయితే ఆ గింజ ఏరేది కరివేపాకునే. పటికా అంతే. కరిగిన ఉప్పు తేటనీళ్లలో కంటికి కనబడకుండా అలాగే ఉంటుంది.

అందుకే అదుపు చెంచా దగ్గరే ఉండాలి. మన దేశంలో 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ఆ పనికోసమే వచ్చింది. ఏ మందు, ఏ పంటకు, ఎంత మోతాదు అన్నది ముందు నమోదు కావాలి. అప్పుడే అమ్మాలి. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును ఆపించింది. 1971 నాటి నిబంధనలైతే మీ ప్రశ్నకే జవాబు చెబుతాయి: ఖాళీ డబ్బాలనూ, మిగిలిన మందునూ, కడిగిన నీళ్లనూ నీటి వనరులు పాడవకుండా వదిలించుకోవలసిన బాధ్యత తయారుచేసినవాళ్లతోపాటు కొట్టినవాళ్లదీ. మంచి నిబంధన. కానీ కాలవగట్టు మీద దాన్ని చదివి వినిపించేవాళ్లు లేరు. ఆ పని మీరే చెయ్యాలి, మర్యాదగా, ఇంట్లో నాన్నలకూ బాబాయిలకూ.

ఇలా చెప్పండి. నీళ్లు డ్రమ్ములో తెచ్చుకుని కాలవకూ బావికీ దూరంగా మందు కలపాలి. నీళ్ల పైపు కొసను మందు నీళ్లలో ముంచకూడదు, మోటారు ఆగితే మందు వెనక్కి లాగేస్తుంది. మోతాదు కొలపాత్రతోనే పోయాలి. సీసా మూత లెక్క నమ్మితే ఒక చేతికి ఐదు మిల్లీలీటర్లు, ఇంకో చేతికి ఎనిమిది పడుతుంది. డబ్బా ఖాళీ అయ్యాక పావువంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం కుదిపి, ఆ నీళ్లు ట్యాంకులోనే వంపాలి. ఇలా మూడుసార్లు. తర్వాత డబ్బాకు చిల్లులు పెడితే మళ్లీ ఎవరూ నీళ్లకో నూనెకో వాడరు. ట్యాంకు కడిగిన నీళ్లు అదే చేలో మందు కొట్టిన సాళ్ల మీదే చల్లెయ్యాలి. గాలి విసురుగా ఉన్నా, మబ్బు పట్టినా ఆ పూటకు మానుకోవాలి. 2021లో నల్ల తామరపురుగు పడ్డప్పుడు రైతులు ఎంత మందు గుమ్మరించారో మీ ఇళ్లలో అడగండి. ఆ పురుగు పూల లోపల దాక్కుంటుంది, పైపైన పడ్డ మందు దాన్ని అందుకోలేదు. నీలం జిగురు అట్టలు కట్టి పురుగు ఉధృతి చూసుకుని, అవసరమైతేనే ట్యాంకు ఎత్తుకోవడం మేలు.

డబ్బాల మీద త్రికోణం రంగు ఉంటుంది: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు మనుషులకు ఎంత చెరుపో అంచనా వేసేది. ఎలుకల మీద పరీక్షించి నిర్ణయిస్తారు. ఆకుపచ్చ ఉంది కదా అని చేపకూ తూనీగ పిల్లకూ హాని లేదనుకోకండి.

తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయని తెలుసా? ఆదివారం పొద్దున పెద్దవాళ్లను తోడు తీసుకుని, ఎవరూ ట్యాంకులు కడగని చోట చెరువు అంచుకు వెళ్లండి. పొడుగు కర్రకు టీ వడకట్టు కట్టి, గడ్డి వేళ్ల మధ్య దూసి, తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి అందులోకి దులపండి. కదిలేవాటిని లెక్కపెట్టి, బొమ్మ గీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలెయ్యండి. గట్టున పడున్న మందు డబ్బాలను మాత్రం ముట్టుకోకుండా దూరం నుంచే త్రికోణం రంగు రాసుకోండి. రెండు లెక్కలూ నాకు పంపండి.

మీ
తాతయ్య