రొమ్ము ఇంప్లాంట్లు తీయించుకోవడం: అందం గురించి, ఆరోగ్యం గురించి అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో రొమ్ము ఇంప్లాంట్ల గురించి, అంటే రొమ్ము ఆకారం కోసం లోపల అమర్చే సిలికాన్ జెల్ లేదా ఉప్పునీటి సంచుల గురించి, నలుగురిలో మాట్లాడేవారు తక్కువ. అయినా వాటిని తీయించుకోవాలన్న ఆలోచనతో ప్లాస్టిక్ సర్జన్లమైన మా దగ్గరకు వచ్చేవారు ఉన్నారు. కొందరు ఎన్నో ఏళ్ళ కిందట హైదరాబాదులోనో చెన్నైలోనో పెట్టించుకున్నవారు, కొందరు అమెరికాలో పెట్టించుకుని సెలవులకు పుట్టింటికి వచ్చినవారు, మరికొందరు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగాక పునర్నిర్మాణంలో భాగంగా పెట్టించుకున్నవారు. ఎవరి కారణం వారిదే గానీ, అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: తీశాక ఎలా కనబడతాను, తీయకపోతే ఏమవుతుంది? రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒకదానికి చెప్పవలసిన జవాబును రెండోదానికి తగిలించినప్పుడే చిక్కు వస్తుంది. జబ్బు భయంతో అవసరానికి మించిన ఆపరేషన్ కోరేవారినీ, ఆకారం పోతుందేమోనన్న బెంగతో చిరిగిన ఇంప్లాంట్‌ను అలాగే ఉంచుకునేవారినీ మేము చూస్తూనే ఉంటాము.

అపోహ: ఒకసారి పెడితే జీవితాంతం ఉంటుంది. లేదా, పదేళ్ళు నిండగానే తప్పనిసరిగా తీసేయాలి.

రెండూ సరికావు. సిలికాన్ ఇంప్లాంట్‌ను మొదటిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో అమర్చారు. అప్పటినుంచి వాటి తయారీ ఎంతో మారింది గానీ, ఇవి జీవితకాల పరికరాలు కావని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగానే చెబుతుంది. అలాగని వాటిమీద గడువు తేదీ కూడా ఏమీ లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ చిరిగే అవకాశం, వాటి చుట్టూ శరీరం అల్లుకునే మచ్చ పొర బిగుసుకుపోయే అవకాశం పెరుగుతాయి.

ఉప్పునీటి ఇంప్లాంట్ చిరిగితే ఆ నీటిని శరీరం పీల్చుకుంటుంది, కొద్ది రోజుల్లోనే ఒక పక్క చిన్నదైపోయినట్టు కంటికే తెలుస్తుంది. సిలికాన్ జెల్ ఉన్నది చిరిగితే చాలాసార్లు ఏ సూచనా ఉండదు, చేత్తో పరీక్షించినా దొరకదు. అందుకే సిలికాన్ ఇంప్లాంట్లు ఉన్నవారు ఏ ఇబ్బందీ లేకపోయినా 5–6 ఏళ్ళకు మొదటిసారి, ఆ తరువాత 2–3 ఏళ్ళకొకసారి అల్ట్రాసౌండ్ గాని ఎమ్మారై గాని చేయించుకోవాలని ఎఫ్‌డీఏ సూచిస్తోంది. చిరిగిందా లేదా అన్నది ఎమ్మారైలో స్పష్టంగా తెలియాలంటే ఆ యంత్రానికి రొమ్ము పరీక్షకు వాడే ప్రత్యేకమైన కాయిల్ అనే భాగం ఉండాలి. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే స్కానింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడిగితే డబ్బూ శ్రమా మిగులుతాయి. చిరిగినట్టు తేలితే తీయించుకోమనే చెబుతాము. ఏ లోపమూ లేని ఇంప్లాంట్‌ను పదేళ్ళయిందన్న ఒక్క కారణంతో తీయవలసిన అవసరం లేదు.

అపోహ: తీసేస్తే రొమ్ములు ఖాళీ సంచుల్లా వేలాడిపోతాయి.

కొందరిలో జారడం నిజమే, అందరిలోనూ కాదు. ఎవరిలో ఎంత అన్నది సర్జన్ మాట ఇచ్చి నిర్ణయించగలిగిన విషయం కాదు. అది చర్మానికి ఉన్న బిగువు మీద, ఇంప్లాంట్ ఎంత పెద్దది, ఎన్నాళ్ళు ఉంది అన్నదాని మీద, దాన్ని కండరం కింద పెట్టారా గ్రంథి కింద పెట్టారా అన్నదాని మీద, కాన్పుల మీద, బరువు పెరిగి తగ్గడం మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద ఇంప్లాంట్ ఏళ్ళ తరబడి ఒత్తడం వల్ల అసలు రొమ్ము కణజాలం పలుచబడి ఉంటుంది. కనుక పెట్టకముందు ఉన్న రూపమే యథాతథంగా తిరిగివస్తుందని ఆశించడం కూడా అంతే పొరపాటు. పాతికేళ్ళ వయసులో చిన్న ఇంప్లాంట్లు పెట్టించుకుని, చర్మం బిగువుగా ఉన్న స్త్రీకి మరే ఆపరేషనూ లేకుండానే చక్కగా సర్దుకోవచ్చు. ఇద్దరు పిల్లల తల్లికి, పెద్ద ఇంప్లాంట్లు పదిహేనేళ్ళు మోసిన శరీరానికి ఆ ఫలితం రాకపోవచ్చు.

కట్టు విప్పిన రోజు అద్దంలో కనబడేది తుది రూపం కాదు. మొదటి వారాల్లో రొమ్ము పైభాగం గుంటపడినట్టు, చర్మం ముడతలు పడినట్టు ఉంటుంది. చాలామంది భయపడి ఫోన్ చేసేది అప్పుడే. ఆ తరువాతి నెలల్లో చర్మం కొంత ముడుచుకుని, నొక్కుకుపోయిన కణజాలం కొంత విచ్చుకుంటుంది. తుది రూపం తేలడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా నూనె మర్దనలు, బిగుతు చేస్తాయని ప్రచారం చేసే క్రీములు సాగిన చర్మాన్ని ముడుచుకునేలా చేయలేవు. పచ్చి కుట్ల మీద మర్దన చేస్తే హాని కూడా కలుగుతుంది.

జారినదాన్ని పైకెత్తే లిఫ్ట్ ఆపరేషన్‌ను అప్పుడే చేయించుకోవాలా, తరువాతా అన్నదే అసలైన నిర్ణయం. ఒకే మత్తులో రెండూ అయిపోతే మంచిదని అందరూ కోరుకుంటారు, చాలామందికి అలా చేయవచ్చు కూడా. అయితే కణజాలం బాగా పలుచగా ఉన్నవారిలో, పొగతాగేవారిలో, పొరను కూడా పూర్తిగా తీయవలసినవారిలో చనుమొనకు వెళ్ళే రక్తప్రసరణ దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాంటివారికి ముందు ఇంప్లాంట్లు తీసి, మూడు నుంచి ఆరు నెలలు ఆగి, మిగిలిన రూపాన్ని చూసి లిఫ్ట్ చేయడం క్షేమం. ఆగిన తరువాత లిఫ్ట్ అవసరమే లేదనుకునేవారూ ఉంటారు. పొట్ట నుంచో తొడల నుంచో కొవ్వు తీసి రొమ్ములో నింపే పద్ధతి మరొకటి ఉంది. నింపిన కొవ్వులో గణనీయమైన భాగం నిలవదు కాబట్టి రెండోసారి చేయవలసి రావచ్చు. నిలవని కొవ్వు గట్టిపడి గడ్డలా తగిలినా, మమోగ్రామ్‌లో సున్నపు చుక్కలుగా కనబడినా కంగారు పడకుండా, ఇలాంటి ఆపరేషన్ జరిగిందని రేడియాలజిస్టుకు ముందే చెప్పాలి.

అపోహ: చుట్టూ ఉన్న పొరను మొత్తం తీయకపోతే విషం ఒంట్లోనే ఉండిపోతుంది.

ఈ మధ్య యూట్యూబు చూసి వచ్చేవారి నోట తరచుగా వినిపించే మాట ‘ఎన్ బ్లాక్’. ఇంప్లాంట్‌నూ దాని చుట్టూ ఉన్న పొరనూ విడదీయకుండా, పక్కనున్న కొద్దిపాటి మంచి కణజాలంతో సహా ఒకే ముద్దగా తీయడమని దాని అర్థం. ఇది క్యాన్సర్ శస్త్రచికిత్సకు చెందిన పద్ధతి. ఇంప్లాంట్ చుట్టూ పొర ఏర్పడటం రోగం కాదు. పేస్‌మేకర్ పెట్టినా, ఎముకలో ప్లేటు వేసినా శరీరం అలాగే ఒక మచ్చ పొరను అల్లుతుంది. ఆ పొర మెత్తగా, పలుచగా ఉంటే దాన్ని అలాగే వదిలేయవచ్చు, కాలక్రమంలో అది చాలావరకు శరీరంలో కలిసిపోవచ్చు.

పొర గట్టిపడి బిగుసుకుపోయినప్పుడు, అందులో సున్నం చేరినప్పుడు, జెల్ బయటకు వచ్చినప్పుడు, లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) అనుమానం ఉన్నప్పుడు దాన్ని తీయాలి. బిగుతును మేము బేకర్ కొలమానంలో ఒకటి నుంచి నాలుగు వరకు లెక్కిస్తాము. మూడులో ఆకారం మారుతుంది, నాలుగులో నొప్పి కూడా ఉంటుంది. ఆ అవసరం లేని స్త్రీకి పక్కటెముకలకు అంటుకున్న పొరను చివరి పోగు వరకు గీకి తీస్తే రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం వంటి ప్రమాదాలను ఊరికే కొనితెచ్చినట్టే. పైగా పొరతోపాటు ఉన్న కాస్త కణజాలమూ పోయి, ఏ ఆకారం కోసం ఆరాటపడ్డారో ఆ ఆకారమే దెబ్బతింటుంది. ఎంత తీయాలన్నది స్కానింగ్ చూసి, లోపల కనబడిన స్థితిని బట్టి నిర్ణయించవలసిన విషయం. ‘అందరికీ ఎన్ బ్లాకే చేస్తాము’ అని ముందే ప్రకటించేవారి దగ్గర ఒక క్షణం ఆగి ఆలోచించమని నా సలహా. తీసిన పొరను పాథాలజీ పరీక్షకు పంపారో లేదో మాత్రం తప్పక అడగండి.

అపోహ: నీరసం, కీళ్ళనొప్పులు, జుట్టు రాలడం అన్నీ ఇంప్లాంట్ల వల్లే. లేదా, ఇదంతా మనసు భ్రమ.

నిజం ఈ రెండు మాటల్లో ఏదీ కాదు. ఇంప్లాంట్లు ఉన్నవారిలో కొందరు అలసట, మతిమరుపు, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వంటి బాధలు చెబుతారు. దీన్ని బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్ అంటున్నారు. ఇంత రక్తం తీసి ఇదిగో ఇదీ అని తేల్చే పరీక్ష దీనికి లేదు. వీటి గురించి రోగికి ముందే చెప్పాలని ఎఫ్‌డీఏ 2021లో ఇంప్లాంట్లపై అతి తీవ్రస్థాయి హెచ్చరికను తప్పనిసరి చేసింది కాబట్టి, ఈ బాధలను కొట్టిపారేసే హక్కు వైద్యులకు లేదు. తీయించుకున్నాక చాలామందికి ఉపశమనం కలిగిందని అధ్యయనాలు చెబుతున్నాయి. అమెరికాలో 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పొరను పూర్తిగా తీసినవారికీ తీయనివారికీ ఉపశమనంలో పెద్ద తేడా కనబడలేదు.

అయితే ఇవే బాధలు థైరాయిడ్ లోపంలో, రక్తహీనతలో, విటమిన్ బీ12, డీ తక్కువైనప్పుడు, కీళ్ళవాతంలో, నెలసరి ఆగే వయసులో కూడా వస్తాయి, మన ప్రాంతపు స్త్రీలలో ఇవి సర్వసాధారణం. అందుకే ఆపరేషన్‌కు ముందు ఆ పరీక్షలు చేయించుకోమంటాను. థైరాయిడ్ మాత్రతో తగ్గే నీరసానికి మత్తు తీసుకోవడం దేనికి? పరీక్షలన్నీ సవ్యంగా ఉండి కూడా బాధ పోని స్త్రీ, తగ్గుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరని తెలిసి, అయినా తీయించుకుంటానంటే అది సమంజసమైన నిర్ణయమే.

అపోహ: ఇంప్లాంట్లు క్యాన్సర్ తెస్తాయి కాబట్టి అందరూ వెంటనే తీయించుకోవాలి.

ఇంప్లాంట్ల వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఉన్నది వేరొక అరుదైన జబ్బు. అది రోగనిరోధక కణాలకు సంబంధించిన లింఫోమా, ప్రధానంగా గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ వస్తుంది. ఎఫ్‌డీఏ దీని గురించి 2011లో హెచ్చరించింది. 2019 జూలైలో అలర్గాన్ సంస్థ తన బయోసెల్ గరుకు ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కు తీసుకుంది. అప్పుడు కూడా, ఏ లక్షణమూ లేనివారు వాటిని తీయించుకోవలసిన అవసరం లేదనే ఎఫ్‌డీఏ చెప్పింది. పెట్టించుకున్న ఏడాదికో ఎన్నో ఏళ్ళకో ఒక రొమ్ము ఉన్నట్టుండి వాచినా, గడ్డ తగిలినా ఆలస్యం చేయకూడదు. వాచిన చోట చేరిన నీటిని తీసి, ఈ లింఫోమా కణాలను గుర్తించే సీడీ30 పరీక్షకు పంపిస్తే తెలుస్తుంది. తొలిదశలో పట్టుకుంటే ఇంప్లాంట్‌నూ పొరనూ పూర్తిగా తీయడంతోనే చాలామందికి నయమవుతుంది. పైన చెప్పిన ఎన్ బ్లాక్ పద్ధతి నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. ఏ కంపెనీ, ఏ రకం, ఏ లాట్ నంబరు అన్నది ఆనాడు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డులో ఉంటుంది. బీరువాలో వెతికి తీసి ఫోనులో ఫొటో పెట్టుకోండి.

అపోహ: క్యాన్సర్ తరువాత పెట్టిన ఇంప్లాంట్‌ను తీసేస్తే ఇక దారి లేదు.

వీరి సంగతి పూర్తిగా వేరు, ఎందుకంటే లోపల సొంత రొమ్ము కణజాలం మిగలదు. రేడియేషన్ పొందినవారిలో పొర బిగుసుకోవడం ఎక్కువ. పొట్ట కింది చర్మం, కొవ్వుతోనో, వీపు కండరంతోనో రొమ్మును మళ్ళీ నిర్మించవచ్చు. ఏదీ వద్దనుకుంటే ఛాతీని చదునుగా, ముడతలు లేకుండా మూసివేయమని కోరవచ్చు. అదీ ఒక గౌరవప్రదమైన ఎంపికే. దానికి ఒప్పించలేక ఇబ్బందిపడే స్త్రీలను చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

అపోహ: భర్త సంతకం లేకుండా ఆపరేషన్ చేయరు.

మేజరైన, స్పృహలో ఉన్న స్త్రీ శరీరానికి సంబంధించిన అనుమతి ఆమెదే. 2008లో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న మేజరైన రోగి బదులు ఆమె తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని తీర్పు ఇచ్చింది. తోడుగా వచ్చినవారి చేత సాక్షి సంతకం పెట్టించుకోవడం వేరు, అనుమతి వేరు.

అపోహ: పప్పు, గుడ్డు తింటే కుట్లు చీము పడతాయి.

గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప నిరభ్యంతరంగా తినండి. చీము పట్టించేవి అదుపులో లేని షుగరు, పొగతాగడం, తడిసిన కట్టు. మన మే నెల ఉక్కలో, బిగుతైన సపోర్టు బ్రా కింద చెమట నిలిచి కుట్లు నానిపోతాయి కాబట్టి, తొందర లేని ఆపరేషన్‌ను దసరా దాటాక పెట్టుకోవడం తెలివైన పని. కుట్ల మీద పసుపు అద్దవద్దు.

అపోహ: రెండు వారాల సెలవులో వచ్చి తీయించుకుని వెళ్ళిపోవచ్చు.

తీయడం వరకైతే ఆసుపత్రిలో ఒక రోజు పని. కానీ డ్రెయిన్ గొట్టం పెడితే అందులో వచ్చే ద్రవం తగ్గేవరకు ఉంచాలి, లోపల నీరు చేరిందేమో చూడాలి, పాథాలజీ రిపోర్టు రావాలి. శస్త్రచికిత్స అయిన కొద్ది రోజులకే గన్నవరంలో విమానమెక్కి ఇరవై గంటలు కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. కనీసం నాలుగు వారాలు చేతిలో ఉంచుకుని రండి, లిఫ్ట్ కూడా చేయించుకునేవారు ఇంకాస్త ఎక్కువ.

అపోహ: ఇన్సూరెన్స్ ఒక్క పైసా ఇవ్వదు.

అందం కోసం చేసే శస్త్రచికిత్సకు పాలసీలు వర్తించవన్నది నిజమే. అయితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన మినహాయింపు నిబంధనలోనే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికీ, ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించడానికి అవసరమైన చికిత్సకూ వెసులుబాటు ఉంది, దాన్ని చికిత్స చేసే వైద్యుడు ధృవీకరించాలి. కనుక చిరిగిన ఇంప్లాంట్ విషయంలో స్కానింగ్ రిపోర్టు, ఏ కారణంతో తీయాలో వివరించే డాక్టరు లేఖ జతచేసి ఆపరేషన్‌కు ముందే అనుమతికి దరఖాస్తు చేయండి. లిఫ్ట్ ఖర్చును ఆసుపత్రి వారిచేత వేరే బిల్లుగా రాయించుకుంటే, దాన్ని సాకుగా చూపి మొత్తం క్లెయిమును తిప్పికొట్టే అవకాశం తగ్గుతుంది.