అర్ధరాత్రి కూడా టవర్ పెట్టె ఎందుకు వేడెక్కుతుంది?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు మంచి ప్రశ్న పంపారు. వాళ్ళ మేడ మీద సెల్ టవర్ ఉంది. "అర్ధరాత్రి దాటాక ఫోన్లు వాడేవాళ్ళే తక్కువ కదా, అయినా ఆ పెట్టె పక్కన నిలబడితే వేడి తగులుతోంది, ఎందుకండీ?" అని అడిగారు. అది రేడియేషన్ వేడేమోనని ఇంట్లో పెద్దవాళ్ళకు టెన్షన్ అట. ఆ భయం అక్కర్లేదు. యాంటెనా దాకా వెళ్ళాల్సిన కరెంటులో కొంత దారిలోనే వేడిగా మారిపోతోంది. అందులో పెద్ద వాటా పవర్ యాంప్లిఫయర్‌ది, అంటే సిగ్నల్‌కు బలం పెంచి యాంటెనాకు పంపే భాగానిది.

మన ఇంజనీరింగ్ క్లాసుల్లో "క్లాస్ బి యాంప్లిఫయర్ దక్షత 78.5 శాతం" అని బట్టీ పట్టిస్తారు. క్లాస్ బి అంటే తరంగంలో సగం సేపే కరెంటు పారనిచ్చే రకం. దక్షత అంటే తీసుకున్న పవర్‌లో ఎంత శాతం అవుట్‌పుట్‌గా బయటికి వస్తుందో ఆ లెక్క. ఆ 78.5 అంకె పూర్తి పవర్ దగ్గర మాత్రమే నిజమన్న సంగతి చాలామంది పిల్లల చెవిన పడదు. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

ఒక ఆదర్శ క్లాస్ బి యాంప్లిఫయర్ తీసుకుందాం. సప్లై 28 వోల్టులు, లోడ్ (అంటే పవర్ అందుకునే యాంటెనా వైపు) 7 ఓమ్‌లు. పూర్తి బలంతో పనిచేస్తే గరిష్ఠంగా 4 ఆంపియర్లకు చేరే రేడియో కరెంటు లోడ్‌లోకి పోతుంది. బయటికి 56 వాట్లు వస్తాయి, సప్లై నుంచి 71 వాట్లు తీసుకుంటుంది, 15 వాట్లు వేడి అవుతుంది. ఇప్పుడు కరెంటును సగానికి తగ్గించండి. అవుట్‌పుట్ నాలుగో వంతుకు, అంటే 14 వాట్లకు పడిపోతుంది. సప్లై నుంచి తీసుకునేది మాత్రం సగమే తగ్గి సుమారు 36 వాట్ల దగ్గర ఆగుతుంది. వేడి ఎంత? 22 వాట్లు! పని తగ్గింది, వేడి పెరిగింది. అవుట్‌పుట్‌ను పదహారో వంతుకు దించినా, అంటే మూడున్నర వాట్లకే దించినా, వేడి ఇంకా 14 వాట్లు ఉంటుంది. అర్ధరాత్రి పెట్టె చల్లబడకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

పగలైనా సరే, యాంప్లిఫయర్ ఎక్కువ సమయం తన పూర్తి బలానికి చాలా కింద పనిచేస్తుంది. 4జీలో 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌లో 1200 చిన్న తరంగాలు కలిసి ఉంటాయి. ఎప్పుడో ఒక క్షణం వాటిలో చాలా ఒకేసారి పైకి లేస్తాయి, మిగతా వేళ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. సింహాచలంలో చందనోత్సవం రోజు కొండ కిక్కిరిసిపోతుంది. ఆ ఒక్క రోజు రద్దీకి సరిపోయే పెద్ద బస్సునే ఏడాదంతా ఘాట్ రోడ్డు మీద తిప్పితే డీజిల్ ఏమవుతుంది? మామూలు రోజులకు చిన్న బస్సు నిండుగా తిరగాలి, రద్దీ రోజున స్పెషల్ బస్సు తోడు రావాలి. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు విలియం డోహర్టీ చేసింది దాదాపు ఇదే. ఒక ప్రధాన యాంప్లిఫయర్, పీక్ (సిగ్నల్ గరిష్ఠ స్థాయికి లేచే క్షణం) వచ్చినప్పుడు మాత్రమే లేచే సహాయక యాంప్లిఫయర్. అయితే డోహర్టీ ఏర్పాటులో ఇంకో అద్భుతం ఉంది. స్పెషల్ బస్సు కొండెక్కడం మొదలుపెట్టగానే మొదటి బస్సులో సీట్లు కూడా పెరుగుతాయి!

అదెలాగో చూడండి. ప్రధాన యాంప్లిఫయర్‌కూ లోడ్‌కూ మధ్య పావు తరంగం పొడవున్న ఒక లైను పెడతారు. ఆ లైను నిరోధాన్ని తిరగేసి చూపిస్తుంది. లైను విలువ 7 ఓమ్‌లు అనుకుందాం. దాని వర్గం 49ని అవతలి కొసన ఉన్న విలువతో భాగిస్తే ఇవతల కనిపించేది వస్తుంది. ఈ ఏర్పాటులో అవతల లోడ్ 3.5 ఓమ్‌లు. 49ని 3.5తో భాగిస్తే 14. అంటే తక్కువ పవర్ దగ్గర ప్రధాన యాంప్లిఫయర్‌కు 14 ఓమ్‌లు కనిపిస్తాయి. ఇందాకటి 2 ఆంపియర్లతోనే వోల్టేజీ 28కి చేరుతుంది. అదే 36 వాట్లు తీసుకుని 14కు బదులు 28 వాట్లు ఇస్తుంది. దక్షత మళ్ళీ 78.5 శాతం!

సిగ్నల్ ఇంకా పెరిగితే సహాయకుడు అవతలి కొస దగ్గర తన కరెంటు కలుపుతాడు. ఇద్దరి కరెంటూ సమానమైనప్పుడు ఆ కొసన లోడ్ 3.5కు బదులు 7 లాగా అనిపిస్తుంది. 49ని 7తో భాగిస్తే 7. ప్రధాన యాంప్లిఫయర్ వోల్టేజీ 28 దగ్గరే నిలబడి, కరెంటు 4 ఆంపియర్లకు పెరుగుతుంది. తన 56, సహాయకుడి 56, మొత్తం 112 వాట్లు. మధ్యలో దక్షత కాస్త తగ్గినా 70 శాతం దగ్గర ఉంటుంది. సహాయకుడిని లేపడానికి స్విచ్ ఏదీ అక్కర్లేదు. దాని గేటు (ట్రాన్సిస్టర్‌ను తెరిచే కొస) వోల్టేజీని బాగా కిందికి బిగించి ఉంచుతారు, చిన్న సిగ్నల్‌కు అది కదలదు.

డోహర్టీ దీన్ని తయారుచేసింది ఏఎమ్ రేడియో ప్రసారాల కోసం, అంటే మాటకు తగ్గట్టు తరంగం ఎత్తు మారే ప్రసారాల కోసం. అక్కడ పూర్తి మాడ్యులేషన్‌లో వోల్టేజీ క్యారియర్‌కు (మాటలు లేనప్పటి మూల తరంగానికి) రెట్టింపవుతుంది, పవర్ నాలుగింతలవుతుంది. 112లో నాలుగో వంతు 28. సహాయకుడు లేవకముందే దక్షత 78.5ను తాకిన ఆ రెండో శిఖరం సరిగ్గా క్యారియర్ దగ్గరే పడింది! మన విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. ఆ తరంగంలో పావు వంతు సుమారు 81 మీటర్లు. అంత లైను వెయ్యలేరు కాబట్టి ఆ బ్యాండ్‌లో కాయిల్స్, కండెన్సర్లతో అదే పని చేయించాలి. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో పావు తరంగం నాలుగు సెంటీమీటర్లే, సర్క్యూట్ బోర్డు మీద ఇంకా చిన్నది. రాగి పూతలో ఒక చిన్న పట్టీ చాలు.

ఇది కరెంటు బిల్లుతో ఆగే విషయం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో కరెంటు పోయి ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు టవర్‌కు దిక్కు బ్యాటరీ, జనరేటరే. యాంప్లిఫయర్ వృథా చేసే ప్రతి వాటూ ఆ బ్యాటరీ ఆయుష్షులోంచే పోతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. పావు తరంగం ఒక్క ఫ్రీక్వెన్సీకే కచ్చితంగా కుదురుతుంది, బ్యాండ్ వెడల్పయ్యే కొద్దీ లెక్క తప్పుతుంది. కిందికి బిగించిన సహాయకుడు ఆలస్యంగా లేస్తాడు కనుక, అదే సైజు ట్రాన్సిస్టర్ పెడితే పీక్ దగ్గర అతని కరెంటు చాలదు. పైగా సిగ్నల్ ఆకారం వంకర పోతుంది, దాన్ని ముందుగానే ఎదురు వంకర పెట్టి డిజిటల్‌గా సరిచేస్తారు. పీక్‌లను కాస్త కత్తిరించాక కూడా 4జీ, 5జీ సిగ్నళ్ళలో పీక్ పవర్ సగటుకు ఆరేడు రెట్లు ఉంటుంది, పవర్‌లో నాలుగో వంతు దగ్గర ఉన్న దక్షత శిఖరం సరిపోదు. అందుకే సహాయకుడిని ప్రధాన యాంప్లిఫయర్ కంటే పెద్దగా చేస్తారు. రెండింతలు చేస్తే ఆ శిఖరం వోల్టేజీలో మూడో వంతుకు, పవర్‌లో తొమ్మిదో వంతుకు దిగుతుంది.