పరిష్కార జర్నలిజం: నేర్పేవాళ్లను తయారుచేయడం దగ్గరే చిక్కంతా

"ఆ ఊళ్లో ఇంటింటికీ ఇంకుడు గుంత, నడి వేసవిలోనూ బావుల్లో నీళ్లు" అని జిల్లా పేజీలో ఒక ఐటెమ్ వస్తే తెలుగు పాఠకుడికి ముందు వచ్చే ప్రశ్న నీళ్ల గురించి కాదు, "ఇది ఎవరు వేయించారు?" అని. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేశారన్న ఫిర్యాదులపై ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని వేసింది. అందులో ఇద్దరే సభ్యులు, పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లిచ్చిన నివేదికలో ఆంధ్రప్రదేశ్ ప్రస్తావన గట్టిగానే ఉంది. కౌన్సిల్ ఆ పూర్తి పాఠాన్ని పక్కనపెట్టి కుదించినదాన్ని ఆమోదించింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ అసలు నివేదిక జనానికి అందలేదు.

విలేకరులకు పరిష్కార జర్నలిజం నేర్పాలనుకునేవాళ్లు ఈ అనుమానాన్ని గౌరవించి మొదలుపెట్టాలి. ఎందుకంటే ఈ విద్య మంచి వార్తలు రాయడం కాదు. ఒక సమస్య మీద ఎవరో ఏదో చేశారు. అదెలా పనిచేస్తోంది, పనిచేస్తోందనడానికి రుజువేమిటి, ఇంకో ఊరు దాన్నుంచి ఏం తెలుసుకోవచ్చు, ఎక్కడ తేలిపోయింది? స్పందన, రుజువు, పాఠం, పరిమితి అనే ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా ఆ కథనం మరొకటైపోతుంది. విలేకరులకు ఇది ఒక పూటలో అర్థమవుతుంది. నేర్చుకున్న విలేకరి ఇంకొకరికి నేర్పడానికి నిలబడినప్పుడే రుజువు, పరిమితి మెల్లగా జారిపోతాయి. ఇలా జారిపోవడం కొత్తేమీ కాదు, ఈ విద్యకు ముందు వచ్చిన ప్రయత్నాల్లోనూ ఇదే జరిగింది.

మనీలా నుంచి ఛతేరా దాకా

1960ల చివర్లో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా ఆసియా విలేకరుల శిక్షణకు కేంద్రమైంది. ప్రెస్ ఫౌండేషన్ ఆఫ్ ఆసియా 1967లో అక్కడే పుట్టింది. మరుసటి ఏడాది జరిగిన ఒక శిక్షణలో ఆలన్ చాక్లీ అనే పాత్రికేయుడు 'అభివృద్ధి జర్నలిజం' అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. వరి దిగుబడి, పోషకాహారం, కుటుంబ నియంత్రణ లాంటి విషయాలను మంత్రుల ప్రకటనల్లోంచి కాక జనం బతుకులోంచి రాయాలి, ప్రభుత్వ లెక్కకూ పొలంలో ఉన్నదానికీ తేడా పట్టుకోవాలి అన్నది అసలు ఉద్దేశం.

1972లో మార్కోస్ సైనిక శాసనం పెట్టాడు. అభివృద్ధి జర్నలిజం అన్న పేరు మిగిలింది, తేడా పట్టుకునే పని పోయింది. ఆ పేరు చెప్పి సర్కారు పథకాల డప్పు కొట్టించడం ఆసియా, ఆఫ్రికాల్లో చాలా ప్రభుత్వాలకు అలవాటైంది. నేర్పేవాళ్లు ప్రభుత్వ సంస్థల్లోకి వెళ్లారు, పాఠంలోంచి ప్రశ్న తప్పుకుంది.

మన దేశంలో దానికి దీటైన ప్రయత్నం హిందుస్థాన్ టైమ్స్‌లో జరిగింది. సంపాదకుడిగా వచ్చిన బి.జి. వర్గీస్ 1969లో హర్యానాలోని ఛతేరా అనే మామూలు పల్లెను ఎంచుకుని, దాని గురించి క్రమం తప్పకుండా రాయించారు. ఒక్కసారి వెళ్లి మెచ్చుకుని రావడం కాదు, ఏళ్లతరబడి అదే ఊరు. రోడ్డు, బ్యాంకు అప్పు, నీళ్లు ఏవి వచ్చాయి, ఏవి వచ్చీ పనికిరాలేదు అన్నదీ రాశారు. 1975లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అదే ఏడాది పత్రిక ఆయన్ని వదిలించుకుంది. ఛతేరా పద్ధతిని ఇంకో పది పత్రికలకు నేర్పే ఏర్పాటు ఏదీ లేకపోవడంతో అది ఆ సంపాదకుడితోనే ఆగింది.

పడమటి దారి

అమెరికాలో ఈ ఆలోచన వేరే కోపంలోంచి వచ్చింది. 1988 ఎన్నికల కవరేజీ చూసి విసిగిన కాన్సాస్ సంపాదకుడు డేవిస్ మెరిట్, ప్రొఫెసర్ జే రోజెన్ లాంటివాళ్లు 1990ల్లో 'పౌర జర్నలిజం' ఉద్యమం నడిపారు. పత్రికే సభలు పెట్టి జనంతో పరిష్కారాలు వెతికించడం చాలామంది సంపాదకులకు మింగుడుపడలేదు. రాసేవాడు ఆటలోకి దిగకూడదన్నది వాళ్ల అభ్యంతరం. 1998లో కొలంబియా జర్నలిజం రివ్యూలో సూజన్ బెనెష్ వ్యాసం 'సొల్యూషన్స్ జర్నలిజం' పెరుగుదలను గుర్తించింది. 2010లో డేవిడ్ బార్న్‌స్టీన్, టీనా రోజెన్‌బర్గ్ న్యూయార్క్ టైమ్స్‌లో 'ఫిక్సెస్' శీర్షిక మొదలుపెట్టారు. 2013లో వాళ్లు కోర్ట్నీ మార్టిన్‌తో కలిసి సొల్యూషన్స్ జర్నలిజం నెట్‌వర్క్ పెట్టారు. డెన్మార్క్‌లో ప్రభుత్వ ప్రసార సంస్థ వార్తా విభాగాన్ని నడిపిన ఉల్రిక్ హాగరప్ 2017లో ఆర్హూస్‌లో కన్‌స్ట్రక్టివ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

నెట్‌వర్క్ చేసిన అసలు మేలు స్పందన, రుజువు, పాఠం, పరిమితి అనే నాలుగు స్తంభాలు చెప్పడం కన్నా, నకిలీల జాబితా తయారుచేయడం. ఒక్క మనిషిని దేవుణ్ని చేసే కథనం, ఒకే మందుతో అన్నీ నయమన్న కథనం, తెలిసినవాళ్ల సంస్థకు మేలు చేసే కథనం, నిపుణుడు 'ఇలా చేస్తే బాగుంటుంది' అన్న ఊహ మీదే నిలిచిన కథనం, సమస్యంతా రాసి చివరి పేరాలో పరిష్కారం అతికించినది, చందా ఇమ్మని చెప్పకనే చెప్పేది, ముద్దొచ్చే ఉదంతం. శిక్షణలో నాలుగు స్తంభాల కన్నా ఈ ఏడే బాగా గుర్తుంటాయి, ప్రతి విలేకరీ వీటిలో ఏదో ఒకటి రాసే ఉంటాడు గనుక.

శిక్షణల్లో చూపడానికి ఒక మంచి ఉదాహరణ క్లీవ్‌లాండ్‌ది. 2015లో అక్కడి ప్లెయిన్ డీలర్ పత్రిక, పాత ఇళ్ల రంగుల్లోని సీసం పిల్లల రక్తంలోకి ఎక్కడం మీద వరుస కథనాలు వేసింది. అధికారుల నిర్లక్ష్యం రాసి ఊరుకోలేదు. దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోని రోచెస్టర్‌లో 2005లో చట్టం చేసి పాత అద్దె ఇళ్లను ముందే తనిఖీ చేయడం మొదలుపెట్టారని, ప్రమాదం ఎక్కువున్న పేటల్లో కంటితో చూసి వదలకుండా గచ్చు మీది దుమ్ము తుడిచి ల్యాబుకు పంపుతారని వివరంగా చూపింది. 'మా ఊళ్లో ఇది కుదరదు' అనే సాకు అధికారులకు లేకుండా పోయింది. క్లీవ్‌లాండ్ కౌన్సిల్ 2019లో అలాంటి చట్టం చేసింది. మధ్యలో నాలుగేళ్లు పట్టిందన్నది కూడా శిక్షకుడు చెప్పాలి, లేకపోతే వార్త రాగానే చట్టం వస్తుందనుకుంటారు.

మన దగ్గర అడ్డుపడేవి

తెలుగులో శిక్షకులు ఎక్కువగా ఎత్తుకునే ఉదాహరణ సారా వ్యతిరేక ఉద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లోంచి లేచిన ఆ ఉద్యమానికి ఈనాడు పేజీలకు పేజీలు ఇచ్చింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. అది గొప్ప ఉద్యమం, ఆ ఆడవాళ్ల తెగువను ఎంత చెప్పుకున్నా తక్కువే. కానీ పరిష్కార జర్నలిజానికి అది సరైన ఉదాహరణ కాదు. అక్కడ పత్రిక ఉద్యమంలో భాగస్వామి. నిషేధం నడిచిన కాలంలో పక్క రాష్ట్రాల నుంచి వచ్చే సరుకును, ఖజానాకు పడిన గండిని, తాగుడు మానినవాళ్లు ఎందరు, చాటుకు మారినవాళ్లు ఎందరు అన్నదాన్ని ఊరూరా తేల్చి రాయడం పరిష్కార జర్నలిజం. ఈ తేడా చెప్పలేని శిక్షకుడి దగ్గర నేర్చుకున్నవాళ్లు ప్రచారోద్యమాన్నే పరిశీలన అనుకుంటారు.

రెండో అడ్డంకి జిల్లా ఎడిషన్. 1989లో ఈనాడు మొదలుపెట్టిన జిల్లా అనుబంధాలు పల్లె వార్తకు చోటిచ్చాయి, అది పెద్ద మార్పే. అదే సమయంలో ఖమ్మం పాఠకుడికి అనంతపురం కనబడకుండా పోయింది. 'ఈ సమస్యను మనకన్నా మెరుగ్గా ఎవరు ఎదుర్కొంటున్నారు?' అన్నది పరిష్కార జర్నలిజంలో మొదటి ప్రశ్న. జవాబు సాధారణంగా పక్క జిల్లాలో ఉంటుంది. మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ పరిధి మండలమే, చాలాచోట్ల అతనికి వచ్చేది అచ్చయిన లైన్ల లెక్కన, ప్రయాణ ఖర్చు సొంతం, పైగా ప్రకటనల టార్గెట్. 'ఇంకో జిల్లాకు వెళ్లి చూసి రా' అని చెప్పే శిక్షణ అతనికి పనికిరాదు. రెండు జిల్లాల కంట్రిబ్యూటర్లను జతకట్టి, ఒకరు సమస్య వైపు, ఇంకొకరు స్పందన వైపు రాసి రెండు ఎడిషన్లలోనూ వేయడమే నడిచే దారి. ఇందుకు డెస్క్ ఇన్‌ఛార్జి, అంటే వచ్చిన వార్తల్ని దిద్ది పేజీల్లో పెట్టే విభాగం పెద్ద, ఒప్పుకోవాలి. అందుకే ఆయన శిక్షణలో కూర్చోకపోతే ఆ శిక్షణ వృథా.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ కథనాన్ని చంపేస్తుంది. పరిమితుల్ని అలవాటుగా చివరి పేరాలో రాస్తారు. రాత్రి పేజీ పెట్టేటప్పుడు ప్రకటన వస్తే కింద నుంచి కోస్తారు. పొద్దున అచ్చయ్యేది పొగడ్త ఒక్కటే. అందుకని ప్రధాన పరిమితిని మూడో పేరా దాటకుండా, వీలైతే ఇంట్రోలోనే (మొదటి పేరాలోనే) ఒక వాక్యంగా పెట్టమని నేర్పాలి.

ఒక ప్లాంటును దగ్గరగా చూస్తే

రుజువు అంటే ఏమిటో చెప్పడానికి నల్లగొండ ఫ్లోరైడ్ కన్నా మంచి పాఠం లేదు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. సున్నం సుమారు పటికలో ఇరవయ్యో వంతు. పటిక ఎంత అన్నది ఆ నీటి ఫ్లోరైడును బట్టి, క్షారతను బట్టి మారుతుంది. అసలు చిక్కు అక్కడే. బోరు మారినా, నీటి గుణం మారినా డోసు మార్చాలి. మార్చకపోతే ఫ్లోరైడు తగ్గదు, పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ అడుగున చేరే బురదను ఎక్కడో పారబోయాలి.

'గ్రామంలో ఫ్లోరైడ్ రహిత ప్లాంటు ప్రారంభం' అన్న క్లిప్పింగ్‌ను శిక్షణలో ముందు పెట్టి, విలేకరుల చేత ప్రశ్నలు రాయించాలి. డోసు ఎవరు చూస్తారు, అతని జీతం ఎవరిస్తారు, బురద ఎక్కడికి పోతోంది, ఐదేళ్ల తర్వాత ప్లాంటు నడుస్తోందా? తర్వాత రుజువుకు రావాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితికి లోపల ఉందన్న ల్యాబు కాగితం మొదటి మెట్టు మాత్రమే, అది ప్లాంటు కుళాయిదా, ఇంట్లో బిందెదా అన్నది అడగాలి. ఫ్లోరైడు నీళ్లు తాగి వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. వంగిన ఎముకలు నీళ్లు మారినంత మాత్రాన తిన్నగా కావు కాబట్టి పెద్దవాళ్లను చూసి 'మార్పు లేదు' అని రాస్తే తప్పు. పిల్లల శాశ్వత దంతాల పింగాణీ దాదాపు ఎనిమిదేళ్ల లోపే ఏర్పడుతుంది. నీళ్లు మారాక పుట్టిన పిల్లలు బడి ఈడుకు వచ్చి, ముందు పళ్లు మొలిచాక వాళ్ల పళ్లు చూస్తే తేలుతుంది. అంటే ప్లాంటు పెట్టిన ఏడాదిలోపు 'ఫ్లోరోసిస్ పోయింది' అని ఎవరు చెప్పినా నమ్మకూడదు. మూత్రంలో ఫ్లోరైడు తగ్గిందా అన్నది మాత్రం ముందే పరీక్షించవచ్చు. ఏ మార్పు ఎంత కాలానికి కొలతకు అందుతుందో తెలిసిన విలేకరిని ఏ అధికారీ పక్కదారి పట్టించలేడు.

శిక్షకుడి శిక్షణ

ఒకరు పదిమందికి, ఆ పదిమంది వందమందికి నేర్పే పద్ధతిలో విద్య పలచబడుతుందని మన రాష్ట్రానికి బడుల్లోనే అనుభవం ఉంది. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలతో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. తొలి బడుల్లో బాగా పట్టుకున్నది విస్తరించేకొద్దీ పైపై రూపానికి కుదించుకుపోయింది. జర్నలిజంలో ఆ పైపై రూపం స్లైడుల మీది నాలుగు స్తంభాలు.

కాబట్టి తాను కనీసం రెండు పరిష్కార కథనాలు అచ్చు వేయించుకోనివాణ్ని శిక్షకుడిగా నిలబెట్టకూడదు. డెస్క్‌తో గొడవపడి ఒక పరిమితిని నిలబెట్టుకున్నవాడికే ఆ కష్టం చెప్పడం వస్తుంది. మొదట అనుభవజ్ఞుడి పక్కన సహాయకుడిగా, తర్వాత సగం తరగతి, ఆ తర్వాతే ఒంటరిగా. ఒక బ్యాచ్‌లో 20 మందికి మించితే కథనాలు విడివిడిగా చూడటం కుదరదు. ఒకే రోజు ముగించకుండా రెండు రోజులుగా విడగొట్టి, మధ్యలో రెండు వారాలు వదలాలి, ఆ వ్యవధిలో ప్రతి ఒక్కరూ ఒక కథనం తెచ్చుకోవాలి.

తొలి రోజు పనిచేసే అభ్యాసం ఇది. గత నెల పేపర్లలోంచి పది 'స్ఫూర్తి' కథనాలు తెచ్చి నాలుగు రంగుల పెన్నులివ్వాలి. స్పందనకు ఒక రంగు, రుజువుకు ఒకటి, పాఠానికి ఒకటి, పరిమితికి ఒకటి. కాగితం మీద స్పందన రంగు నిండిపోతుంది, రుజువు రంగు ఒకటి రెండు గీతలు, పరిమితి రంగు పెన్ను మూతే తీయరు. ఉపన్యాసం అక్కర్లేకుండా లోపం కళ్లకు కడుతుంది. ఇందులో శిక్షకులు చేసే తప్పు, గదిలో ఉన్నవాళ్ల కథనాలే తీసుకోవడం. కథనం మీద తన పేరు ఉన్నవాడు సమర్థించుకోవడంలో పడతాడు, మిగతావాళ్లు మొహమాటపడతారు. పేర్లు కనిపించని వేరే జిల్లా క్లిప్పింగులు తీసుకోవాలి.

మిగతా సమయంలో సగం రుజువుకే ఇవ్వాలి. ప్రతి కథనానికి కనీసం ఇద్దరితో మాట్లాడించాలి. ఒకరు ఆ పనితో సంబంధం లేని నిపుణుడు. ఇంకొకరు దాన్ని మొదలుపెట్టి మధ్యలో మానేసినవాడు. గంగదేవిపల్లి లాంటి ఆదర్శ గ్రామాల మీద ఏళ్లుగా వచ్చిన కథనాల్లో ఈ రెండో మనిషి దాదాపు కనిపించడు. పురుగుమందుల్లేని సేద్యానికి పేరుపడ్డ పునుకుల, ఏనబావి లాంటి ఊళ్ల గురించి రాసేటప్పుడూ అదే అడగాలి. ఈ పద్ధతిలోకి వచ్చి వెనక్కి మళ్లిన రైతు ఉన్నాడా, ఎందుకు మళ్లాడు, కూలీ ఖర్చా, తొలి ఏడాది దిగుబడా, అమ్మకమా? అతని జవాబులోనే పక్క ఊరికి పనికొచ్చే పాఠం దొరుకుతుంది.

శిక్షక అభ్యర్థిని పరీక్షించడానికి పది నిమిషాల పాఠం చెప్పించాలి. ఎదుట ఒకరు డెస్క్ ఇన్‌ఛార్జి వేషంలో "ఇది పీఆర్ (ప్రచారం కోసం వేయించుకునే) ఐటెమ్ కదా, ఎందుకు వేయాలి?" అని నిలదీయాలి. నిర్వచనంతో జవాబిస్తే ఇంకా సిద్ధం కాలేదన్నట్టు. రుజువు కాగితం, పరిమితి ఉన్న పేరా చూపించి జవాబిస్తే తరగతి అప్పగించవచ్చు. ఆ తర్వాత మూడు నెలలకు లెక్క చూడాల్సింది ఎంతమంది సర్టిఫికెట్లు తీసుకున్నారని కాదు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ల కథనాలు అచ్చులో ఎన్ని వచ్చాయి, వాటిలో పరిమితి పేరా కోత పడకుండా ఎన్నింట్లో మిగిలింది, పడితే ఏ డెస్క్‌లో పడింది అన్నవే. ఆ డెస్క్‌తో మాట్లాడే బాధ్యత విలేకరిది కాదు, శిక్షకుడిది.